వింటేజ్ కార్ రేసింగ్‌కి జనాన్ని పిలవాలా, టికెట్లు అమ్మాలా?

పాతగేరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హిస్టారిక్ రేసింగ్, అంటే పాతకాలపు కార్లతో రేసులు, నడిపే క్లబ్బుల్లో ఎప్పటికీ తెగని చర్చ ఇది. ఓనర్లు తమ డబ్బుతో తమ సరదా కోసం నడుపుకునే రేసుగానే దీన్ని ఉంచేయాలా? లేక టికెట్లు, స్పాన్సర్లు, లైవ్ స్ట్రీమ్ పెట్టి జనాన్ని రప్పించాలా?

ఒకపక్క ఇంగ్లాండ్‌లో జరిగే గుడ్‌వుడ్ రివైవల్ కనిపిస్తోంది. 1948 నుంచి 1966 దాకా రేసులు జరిగిన ట్రాక్‌ని 1998లో మళ్లీ తెరిచారు. జనం ఆ కాలపు బట్టలు కుట్టించుకుని మరీ వెళ్తారు. 1997లో మొదలైన మొనాకో హిస్టారిక్ గ్రాండ్ ప్రి, 2002లో మొదలైన లెమాన్ క్లాసిక్ కూడా బాగా నిలదొక్కుకున్నాయి. ఇంకోపక్క మామూలు క్లబ్ మీట్లలో మెకానిక్కులు, డ్రైవర్ల ఇంటివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ట్రాక్ అద్దె పెరిగిన ప్రతిసారీ ఎంట్రీ ఫీజు పెరుగుతుంది. ఫీజు పెరిగినప్పుడల్లా ముందుగా మానేసేది ఆస్టిన్ సెవెన్, ఎంజీ, ఫార్ములా జూనియర్ లాంటి చిన్న కార్లవాళ్లే. నాకు బాధగా ఉన్నది అక్కడే. చిన్న కార్లు లేని గ్రిడ్ (రేసు మొదట్లో కార్లు నిలబడే వరస) అంటే సగం చరిత్ర పోయినట్టే.

జనం వస్తే నిజంగా డబ్బు మిగులుతుందా? జనం కోసం రేసు తీరు మార్చుకుంటే కార్లకేమవుతుంది? రెండు రోజుల మీట్, వంద నుంచి నూట ఇరవై కార్లు అనుకుంటే దేంతో మొదలుపెట్టాలి? లోపలి విషయాలు తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రేస్_కంట్రోల్

పాతగేరు గారూ, జనం వేరు, స్పాన్సర్లు వేరు, ప్రైజ్ మనీ వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడుతున్నారు కాబట్టే కమిటీల్లో ఇది తెగట్లేదు. నా అభిప్రాయం ముందే చెప్తున్నా. జనాన్ని తప్పకుండా పిలవాలి, కానీ వాళ్లకి అమ్మాల్సింది ప్యాడాక్‌ని (కార్లని నిలిపి, బాగుచేసి రేసుకి సిద్ధం చేసే చోటు), రేసుని కాదు.

మొదట లెక్క చూద్దాం. ట్రాక్ అద్దె, అంబులెన్సులు, డాక్టరు, ఫైర్ టెండర్, రికవరీ ట్రక్కులు, మార్షల్స్ (ట్రాక్ పక్కన జెండాలు ఊపి, ప్రమాదాలు చూసుకునే మనుషులు) భోజనాలు, టైమింగ్, పాల్గొనేవాళ్ల ఇన్సూరెన్స్. చూసేవాళ్లు కూర్చునే గట్టు మీద ఒక్క మనిషి లేకపోయినా ఇవన్నీ పెట్టాల్సిందే. జనాన్ని పిలిచామంటే దీని పైన ఇంకో వరస ఖర్చు వస్తుంది: పబ్లిక్ లయబిలిటీ కవర్, టాయిలెట్లు, కంచెలు, గేట్ మనుషులు, పార్కింగ్ మనుషులు, జనానికంటూ వేరే మెడికల్ టీమ్. ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. ట్రాక్ అంబులెన్స్‌లో ఒక ప్రేక్షకుణ్ని ఆసుపత్రికి పంపిస్తే, అది తిరిగొచ్చేదాకా లేదా దాని బదులు ఇంకోటి వచ్చేదాకా రేసు ఆపేయాలి. ఆ రోజు టైంటేబుల్ అక్కడితో సరి.

ఈ రెండో వరస ఖర్చులో ఎక్కువ భాగం ఐదొందల మంది వచ్చినా, మూడు వేల మంది వచ్చినా పెద్దగా మారదు. అందుకే అన్నిటికన్నా నష్టం కొద్దిమంది రావడం. ఖర్చు పూర్తిగా పడుతుంది, రాబడి సగమే ఉంటుంది. గేట్ దగ్గర టికెట్ అమ్మితే వర్షం పడ్డ రోజు మునిగిపోతారు. ముందస్తు బుకింగ్ మాత్రమే పెట్టండి, సంఖ్యకి పరిమితి పెట్టండి. గడ్డి నేల మీద పార్కింగ్ ఇస్తే సాయంత్రం దిగబడ్డ కార్లని లాగడానికి ట్రాక్టర్‌ని ముందే మాట్లాడి ఉంచండి.

ఇక టైంటేబుల్. కాగితం మీద 20 నిమిషాల రేసు, 10 నిమిషాల గ్యాప్ అని రాసుకుంటే గంటకి రెండు రేసులు అయిపోతాయి. ఆ లెక్కని చెడగొట్టేది ఆయిల్. పాత ఇంజన్లు చాలావాటికి క్రాంక్‌షాఫ్ట్ వెనక రబ్బరు సీల్ ఉండదు, ఆయిల్‌ని వెనక్కి తోసే స్క్రోల్ గాడి ఒక్కటే ఉంటుంది. దానికి తోడు నిండిన క్యాచ్ ట్యాంక్‌తోనే (ఇంజన్ బయటికి తోసే ఆయిల్‌ని పట్టే డబ్బా) రెండో సెషన్‌కి వచ్చేస్తారు. గట్టి మలుపులో బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే గొట్టం) నుంచి చిమ్మిన ఆయిల్ అందరూ వెళ్లే లైన్ మీదే పడుతుంది. అబ్జార్బెంట్ పౌడర్ చల్లి, చీపుర్లతో రుద్ది, ఊడ్చి ట్రాక్‌ని వదిలేసరికి 15 నుంచి 20 నిమిషాలు పోతాయి. రోజుకి రెండుసార్లు ఇలా జరిగితే చివరి రేసు రద్దే. ఫీజు కట్టిన డ్రైవరూ, టికెట్ కొన్న మనిషీ ఇద్దరూ తిట్టుకుంటూ ఇంటికెళ్తారు.

ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ రూల్స్‌లోని అపెండిక్స్ జే కొలత ప్రకారం 2000 సీసీ దాకా 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు పట్టే క్యాచ్ ట్యాంక్ ఉండాలి. ఉందా లేదా అని పొద్దున స్క్రూటినీలో (రేసుకి ముందు కార్ల తనిఖీ) చూసి వదిలేస్తే చాలదు. ప్రతి సెషన్‌కి ముందు అసెంబ్లీ ఏరియాలో (ట్రాక్ మీదికి వెళ్లేముందు కార్లు వరస కట్టే చోటు) ఒక మనిషి ట్యాంక్ ఖాళీగా ఉందా అని చూడాలి, సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద, బెల్ హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే డొప్ప) కింద తెల్ల గుడ్డతో తుడిచి చూడాలి. భోజనం తర్వాత 25 నిమిషాల స్లాట్ ఒకటి ఖాళీగా వదలండి. ఆలస్యం లేకపోతే అందులో కార్లతో పెరేడ్ ల్యాప్ పెట్టుకోవచ్చు.

రేసు లేని టైముని కూడా అమ్మొచ్చు అనడానికి అమెరికాలో లైమ్ రాక్ ట్రాక్ మంచి ఉదాహరణ. 1957లో తెరిచిన ఆ ట్రాక్‌లో, 1959 నాటి కోర్టు ఉత్తర్వు వల్ల ఆదివారం రేసు నడపడానికి వీల్లేదు. వాళ్ల హిస్టారిక్ ఫెస్టివల్‌లో శనివారం, సోమవారం రేసులు నడుపుతారు. ఆదివారం ట్రాక్ పొడవునా కార్లని వరసగా నిలబెట్టి ప్రదర్శన పెడతారు. ఆ రోజు కోసమే వచ్చేవాళ్లు బోలెడంతమంది.

మెగ్నీషియం

పై పోస్ట్‌తో ఏకీభవిస్తున్నా. కార్ల సంగతి నేను చెప్తా, ఎందుకంటే కమర్షియల్ అనగానే ముందు దెబ్బ తినేది కార్లే.

రేసుకి విలువ పెరిగేకొద్దీ డ్రైవర్లు రెవ్స్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెంచుతారు. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద పడే ఇనర్షియా లోడ్ రెవ్స్ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 7,000 నుంచి 7,500కి వెళ్తే రెవ్స్ పెరిగింది 7 శాతమే, లోడ్ పెరిగింది దాదాపు 15 శాతం. కాస్వర్త్ డీఎఫ్‌వీ అనే ఫార్ములా వన్ ఇంజన్ 1967లో వచ్చినప్పుడు 9,000 దగ్గర సుమారు 400 హార్స్‌పవర్ ఇచ్చేది. తర్వాతి ఏళ్లలో దాన్ని అంతకన్నా చాలా ఎక్కువ తిప్పారు. అప్పుడు టీములు ఇంజన్‌ని తరచూ విప్పి బిగించేవి. ఇప్పుడు ఆ ఖర్చు ఒక్క ఓనరు జేబులోంచి రావాలి. అందుకే నికరమైన రెవ్ పరిమితి, దాన్ని దాటనివ్వని, సీల్ వేసిన లిమిటర్ ఉండాల్సిందే.

టైర్లది ఇంకా పెద్ద సమస్య. ఆ కాలపు సస్పెన్షన్, స్టబ్ యాక్సిల్ (వీల్ తిరిగే పొట్టి ఇరుసు), వీల్ అన్నీ ఆ కాలపు టైరు ఇచ్చే గ్రిప్‌కి సరిపడా చేసినవి. మెత్తటి కొత్త కాంపౌండ్ వేస్తే మలుపులో పక్కకి లాగే బలం పెరిగి, అదంతా హబ్ మీదికి వెళ్తుంది. స్టబ్ యాక్సిల్ మూలలో ఉండే చిన్న వంపు దగ్గర, వీల్ స్పోక్ మొదట్లో పగుళ్లు మొదలవుతాయి. పైకి ఏమీ కనిపించదు, ఒకరోజు వీల్ ఊడి వెళ్లిపోతుంది.

మెగ్నీషియం వీల్స్‌కి డై పెనెట్రెంట్ టెస్ట్ (కంటికి కనిపించని పగుళ్లని రంగు ద్రవంతో పట్టే పరీక్ష) ఎలా చేయాలో చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. టైరు తీసేయండి. పెయింట్‌ని కెమికల్ స్ట్రిప్పర్‌తోనే తీయండి. శాండ్ బ్లాస్ట్ చేశారంటే మెత్తటి లోహం పాకి పగులు మూతిని మూసేస్తుంది, ఇక ఏ డైయీ లోపలికి దిగదు. సాల్వెంట్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఎర్ర పెనెట్రెంట్ పూసి 15 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత సాల్వెంట్‌తో కొద్దిగా తడిపిన, నూగు రాలని గుడ్డతో పైపైన తుడవండి. సాల్వెంట్‌ని నేరుగా వీల్ మీద స్ప్రే చేస్తే పగులు లోపలి డై కూడా కొట్టుకుపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఆపైన తెల్ల డెవలపర్‌ని పల్చగా కొట్టి పది నిమిషాలు ఆగండి. స్పోక్ మొదట్లో, సెంటర్ బోర్ చుట్టూ, నట్లు కూర్చునే చోట సన్నటి ఎర్ర గీత తేలిందంటే ఆ వీల్ ఇక గోడకి తగిలించుకోవడానికే. స్టీల్ భాగాలకైతే అయస్కాంతంతో పగుళ్లు పట్టే మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ మేలు, స్టీరింగ్ ఆర్మ్స్‌ని అస్సలు మర్చిపోవద్దు.

మార్షల్స్‌కి ఒక మాట: మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు కొట్టకూడదు, మంట ఇంకా ఎగుస్తుంది. దానికి తగ్గ డ్రై పౌడర్ పోస్ట్‌లో ఉండాలి.

ఇప్పుడు జనం సంగతి. ల్యాప్ రెండు సెకన్లు తగ్గితే గట్టు మీద కూర్చున్న మనిషికి తెలియదు. అతనికి కనిపించేది కారు జారడం, డ్రైవరు చేతులు స్టీరింగ్‌తో పెనుగులాడటం. సన్నటి క్రాస్-ప్లై టైరు (పాతకాలపు తరహా టైరు) ఎక్కువ స్లిప్ యాంగిల్‌లో (టైరు చూసే దిశకీ, అది నిజంగా వెళ్లే దిశకీ మధ్య కోణం) కూడా మెల్లగా, ముందే చెప్పి మరీ జారుతుంది. మెత్తటి కొత్త టైరు వేస్తే అదే కారు పట్టాల మీద రైలులా పోతుంది, చూడ్డానికి ఏమీ ఉండదు. అంటే పాత టైరు రూల్‌ని గట్టిగా పట్టుకుంటే కారు బతుకుతుంది, ఖర్చు తగ్గుతుంది, చూసేవాడికీ పండగే. వీటి మధ్య వైరుధ్యం లేనే లేదు. వైరుధ్యం తెచ్చేది ప్రైజ్ మనీ, ఛాంపియన్‌షిప్ పాయింట్లు. ఆ రెండూ వద్దు.

చైన్_డ్రైవ్

నేను ఒప్పుకోను. బ్రిటన్‌లో వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ 1934లో పుట్టింది, కార్లు నడిపేవాళ్ల కోసం పుట్టింది. అక్కడ వింటేజ్ అంటే 1931కి ముందు కార్లే. ఆ తరహా మీట్‌లో నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు, చూసేవాళ్లు అందరూ ఒకటే. గట్టు మీద జనం కూర్చోగానే డ్రైవరు జనం కోసం నడపడం మొదలుపెడతాడు. ఓనరు సీటు దిగి ప్రొఫెషనల్‌ని కూర్చోబెడతాడు. అతను పోటాపోటీగా లోపలికి దూరుతుంటే, పక్కన వంద ఏళ్ల కారుని సొంతంగా నడుపుకునే పెద్దాయన మర్నాటి నుంచి రావడం మానేస్తాడు.

అమెరికా క్లబ్బుల్లో 13/13 రూల్ ఎందుకుందో ఆలోచించండి. తప్పు నీదై, కారు దెబ్బతింటే 13 నెలలు ప్రొబేషన్. ఆ గడువులోగా మళ్లీ జరిగితే 13 నెలలు సస్పెన్షన్. 12 కాకుండా 13 నెలలు పెట్టడంతో వచ్చే ఏడాది అదే మీట్ కూడా అందులోకి వచ్చేస్తుంది. తెలివైన రూల్. టికెట్ల మీద ఆధారపడ్డ నిర్వాహకుడు పెద్ద పేరున్న డ్రైవరుకి ఈ రూల్ అమలు చేయగలడా? పోస్టర్ మీద ముందే అతని బొమ్మ వేసేసి ఉంటాడు కదా.

ఇక జనం భద్రత. 1955 లెమాన్‌లో 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. 1957 మిల్లె మిలియాలో తొమ్మిది మంది, అందులో ఐదుగురు పిల్లలు. దాంతో రోడ్డు రేసుగా మిల్లె మిలియా ఆగిపోయింది. 1977లో తిరిగి వచ్చింది కానీ రెగ్యులారిటీ ర్యాలీగా, అంటే వేగం మీద కాదు, నిర్ణీత టైముకి చేరడం మీద. ఇప్పటి ఫార్ములా కారుకి వీల్ ఊడి ఎగిరిపోకుండా కట్టి ఉంచే టెథర్లు ఉంటాయి, 1930ల కారుకి లేవు. ఊడిన వీల్ గట్టు ఎక్కి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ గట్టు మీద డబ్బిచ్చి కూర్చున్న కుటుంబం ఉందంటే నాకు నిద్రపట్టదు.

హ్యాండీక్యాపర్

చైన్_డ్రైవ్ గారూ, మీ భయం న్యాయమైనదే. కాకపోతే అది జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్న, రానివ్వాలా వద్దా అన్నది కాదు. మలుపు బయటి వైపు, గట్టిగా బ్రేకులు వేసే చోటు చివర జనాన్ని పెట్టొద్దు. లోపలి వైపు ఎత్తు మీద, మధ్యలో బారియర్, దాని వెనక ఎగిరొచ్చే ముక్కల్ని ఆపే డెబ్రిస్ ఫెన్స్ ఉన్నచోట పెట్టండి. సరైన చోట్లు రెండే ఉంటే రెండే తెరవండి.

నేను చెప్పాలనుకున్నది వేరే. వింటేజ్ రేసుని కొత్తవాడు చూస్తే అర్థం కాకపోవడానికి కారణం, రెండో ల్యాప్‌కే కార్లన్నీ విడిపోయి ఊరేగింపులా తిరగడం. దీనికి మందు ఇంగ్లాండ్‌లోని పాత బ్రూక్‌లాండ్స్ ట్రాక్ రోజుల నుంచే ఉంది: హ్యాండీక్యాప్ రేసు. 1907 నుంచి 1939 దాకా నడిచిన ఆ ట్రాక్‌లో రకరకాల కార్లని కలిపి పరుగెత్తించింది ఇలాగే. నెమ్మది కారు ముందు బయల్దేరుతుంది, వేగం కారు చివర్న. లెక్క సరిగ్గా వేస్తే అందరూ చివరి ల్యాప్‌లో దగ్గరికి వస్తారు. పిల్లలకి కూడా అర్థమయ్యే రేసు. పైగా పాతగేరు గారు అన్న ఆస్టిన్ సెవెన్ గెలిచే అవకాశం ఉన్న ఒకే ఒక్క రేసు ఇది.

లెక్క సులువే. ప్రాక్టీస్‌లో ల్యాప్‌కి ఒక కారు 2 నిమిషాల 10 సెకన్లు, ఇంకోటి 1 నిమిషం 58 సెకన్లు అనుకోండి. తేడా 12 సెకన్లు. ఐదు ల్యాపుల రేసుకి 60 సెకన్లు. మొదటి కారుని జెండా ఊపి పంపాక సరిగ్గా నిమిషానికి రెండోది. స్టార్టర్ పక్కన స్టాప్‌వాచ్‌తో ఒకరు, ముందే రాసుకున్న లిస్టుతో ఇంకొకరు ఉండాలి. ఒక్క మనిషే రెండూ చేస్తే తప్పులొస్తాయి.

చెడేది రెండుచోట్ల. ఒకటి, ప్రాక్టీస్‌లో కావాలని నెమ్మదిగా నడిపేవాళ్లు. ప్రాక్టీస్ టైం కన్నా రేసు ల్యాప్ 2 శాతం మించి మెరుగైతే పెనాల్టీ అని ముందే రాసిపెట్టండి. తడి ట్రాక్ మీద ప్రాక్టీస్ చేసి పొడి ట్రాక్ మీద రేసు నడిస్తే ఈ రూల్ పనికిరాదు, అప్పుడు పాత మీట్ల టైంలు తీసుకోవాలి. రెండు, చివరి ల్యాప్‌లో వేగం కార్లు నెమ్మది కార్ల గుంపులోకి దూసుకురావడం. ల్యాప్‌కి 15 సెకన్లకన్నా ఎక్కువ తేడా ఉన్న కార్లని ఒకే రేసులో వేయొద్దు. నీలం జెండాలు (వెనక వేగం కారు వస్తోందని చెప్పేవి) బాగా ఊపగలిగే మార్షల్స్‌ని స్ట్రెయిట్ చివర్న పెట్టండి.

ఇంకో చిన్న సంగతి. ప్రతి కారు ముందు ఒక బోర్డు పెట్టించండి: ఏ సంవత్సరం, ఎన్ని సీసీ, అప్పట్లో ఎక్కడ పరుగెత్తింది, ఇప్పుడు ఎవరు బాగుచేశారు. నాలుగు లైన్లు చాలు. అదే కాగితం కామెంటేటర్‌కి కూడా ఇవ్వండి.

పాతగేరు

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకో రెండు. స్పాన్సర్‌ని అసలు తీసుకోవచ్చా, తీసుకుంటే దేనికి? ప్యాడాక్ తెరిస్తే అక్కడి ప్రమాదాల మాటేమిటి? జాక్ మీద కారు, పక్కన పెట్రోలు, మధ్యలో పిల్లలు.

మెగ్నీషియం

స్పాన్సర్ డబ్బు రేసు ఫలితానికి ముడిపడనంతవరకు తీసుకోండి. ఇంధనం మంచి చోటు. గుడ్‌వుడ్ రివైవల్ 2024లో మొత్తం రేసులన్నీ కనీసం 70 శాతం సస్టైనబుల్ భాగం ఉన్న ఇంధనంతో నడిపింది. ట్రాక్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి జవాబు చెప్పుకోవడానికి కూడా అది పనికొస్తుంది.

అయితే కొత్త ఇంధనం ఏదైనా సరే ముందు దాని కాగితం చదవండి. ఇథనాల్ కలిసిందైతే పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, ట్యాంక్ లోపల పూసిన పాత సీలెంట్ పెచ్చులుగా ఊడి ఫిల్టర్‌లో చేరుతుంది. గాలితో పోలిస్తే ఇంధనం తగ్గి మిక్స్చర్ పల్చబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ కట్ చేసి ప్లగ్ తీసి చూడండి. పింగాణీ తెల్లగా కాలినట్టుంటే ఇంకా పెంచాలి. ఇవన్నీ మీట్ రోజు కాదు, కనీసం నెల ముందు టెస్ట్ డేలో చేయాలి.

రేస్_కంట్రోల్

ప్యాడాక్ గురించి. పెట్రోలు పోయడం ప్యాడాక్‌లో పూర్తిగా నిషేధించండి. దానికి వేరే కంచె వేసిన చోటు, ఇద్దరు ఫైర్ మనుషులు. మిథనాల్‌తో నడిచే కార్లు వస్తే వాటిని ఇంకా దూరంగా పెట్టండి, ఆ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. ప్రతి కారు చుట్టూ మీటరు దూరంలో తాడు కట్టించండి. జాక్ మీద మాత్రమే నిలబడ్డ కారు కింద ఎవరూ దూరకూడదు, యాక్సిల్ స్టాండ్స్ తప్పనిసరి, కనిపిస్తే ఆ కారుకి తర్వాతి సెషన్ కట్. ప్యాడాక్ నుంచి అసెంబ్లీ ఏరియాకి ఒకే దారి, ఒకే దిశ, నడక వేగం, కారు ముందు విజిల్‌తో ఒక మనిషి. స్కూటర్లు, పిల్లల సైకిళ్లు వద్దు. గాయాలు రేసు కార్ల వల్లే కాదు, ప్యాడాక్‌లో అటూఇటూ తిరిగే చిన్న బళ్ల వల్ల కూడా అవుతాయి.

ఇంజన్ వేడి చేయడాన్ని టైంటేబుల్‌లో పెట్టండి. ఫలానా వరసలో, ఫలానా టైముకి స్టార్ట్ చేస్తారని బోర్డు మీద రాయండి. డ్రై సంప్ ఇంజన్‌లో (ఆయిల్‌ని వేరే ట్యాంక్‌లో ఉంచే ఇంజన్) ఆయిల్ 60 డిగ్రీలు దాటేదాకా మెకానిక్ ఎలాగూ నిలబడాల్సిందే, జనం తాడు బయట నిలబడి చూస్తారు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ గేట్ దగ్గర ఉచితంగా ఇవ్వండి, పిల్లలకి మఫ్స్.

మొదటి ఏడాది ప్యాడాక్ పాస్ మాత్రమే, వెయ్యికి మించొద్దు, రెండే చోట్ల నుంచి రేసు చూడనివ్వండి. స్టాండ్స్ అద్దెకి తేవొద్దు, పెద్ద పేర్లకి డబ్బిచ్చి పిలవొద్దు. లెక్కల పుస్తకంలో జనం ఖర్చు, జనం రాబడి వేరే పేజీలో రాయండి. మిగిలింది మొత్తం 1100 సీసీ లోపు కార్ల ఎంట్రీ ఫీజు తగ్గించడానికే అని ముందే తీర్మానం చేసి ఎంట్రీ ఫారం మీద అచ్చు వేయించండి. చైన్_డ్రైవ్ గారూ, 13/13 రూల్‌ని కూడా అదే ఫారం మీద, డ్రైవరు సంతకం పెట్టే గీతకి సరిగ్గా పైన వేయిద్దాం. పోస్టర్ మీద మనుషుల బొమ్మలు వేయకుండా కార్ల బొమ్మలే వేస్తే మీరు చెప్పిన ఇబ్బంది కూడా చాలావరకు రాదు.

చైన్_డ్రైవ్

పోస్టర్ మీద కార్లే, ఫారం మీద 13/13, మిగిలింది చిన్న కార్లకి. ఈ మూడూ రాతపూర్వకంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. వెయ్యి అన్నది మాత్రం మొదటి ఏడాదికి ఎక్కువే, ఆరొందలతో మొదలుపెట్టండి. బయటి వైపు గట్టు మీదికి ఎవరూ వెళ్లకుండా కాపలా మనుషుల్ని ఆ ఆరొందల లెక్కలోనే కలపండి.